బెజ్జాల గోడ

గోడలకు చెవులుంటాయంటారు. నాకున్నవి బెజ్జాలు. ఎన్నని అడక్కండి, నాకే లెక్క తప్పింది.

షికాగో దక్షిణాన, 3831 సౌత్ మిషిగన్ అవెన్యూలోని ఇంట్లో కింది అంతస్తు చెక్క గోడను నేను. ఇల్లు 1890ల నాటిది, ఒక ధాన్యం వ్యాపారి కట్టించుకున్నాడు. 1940లో నల్లజాతి కళాకారులు దీన్ని సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌గా మార్చారు. పలకలు బిగించి నన్ను నిలబెట్టింది అప్పుడే.

నేను పుట్టకముందే నాకోసం చెయ్యి చాచిన తల్లి ఒకామె ఉంది. మార్గరెట్ బరోస్. ఇరవై దాటిన చిత్రకారిణి, డబ్బా పట్టుకుని వీధి మూలన నిలబడి పది సెంట్ల బిళ్ళలు పోగుచేసింది. మైలు పొడవునా పేర్చేటన్ని బిళ్ళలు రావాలని ఆ చందా ఉద్దేశం. బాగుచేయించడానికి, పంతుళ్ళ జీతాలకు సర్కారు సొమ్ము ఇచ్చింది. ఇల్లు మాత్రం పేటవాళ్ళు చందాలతో సంపాదించుకున్నదే. 1941 మేలో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభోత్సవం చేశారు.

ఊరి నడిబొడ్డు గ్యాలరీల్లో నల్లవాళ్ళ బొమ్మకు మేకు దొరకడమే గగనమైన రోజులవి. ఆ మేకులన్నీ నాలో దిగాయి. మొదటిసారి బొమ్మ తగిలించేవాళ్ళు మేకు మొన ఆనించి ఒక్క క్షణం ఆగుతారు. చెయ్యి వణుకుతుంది. ఆ బెజ్జం అంచు చిట్లి ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్ళు రెండు దెబ్బల్లో దిగ్గొడతారు, అది గుండ్రంగా ఉంటుంది.

నేలమాళిగలో ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్ తన ఫొటోలు కడిగేవాడు. ఇక్కడ కవిత్వ పాఠాలకు వచ్చిన గ్వెండలిన్ బ్రూక్స్ 1950లో పులిట్జర్ అందుకుంది. నల్లజాతివారిలో ఆ బహుమతి ఆమెతోనే మొదలు.

1943లో సర్కారు సొమ్ము ఆగింది. ఇలాంటి కేంద్రాలు దేశంలో ఎన్నో మూతపడ్డాయి. ఇక్కడ మాత్రం ఆడవాళ్ళు నడుం కట్టారు. ఏటా వేషాలతో, ఆటపాటలతో ‘ఆర్టిస్ట్స్ అండ్ మోడల్స్ బాల్’ జరిపి ఖర్చులకు డబ్బు కూడగట్టారు. బరోస్ అంతటితో ఆగలేదు. 1961లో ఇదే వీధిలో సొంతింట్లోనే మ్యూజియం తెరిచింది. 2010లో కన్నుమూసింది. నేనున్న గదికి ఆమె పేరే.

వేరే గ్యాలరీల్లో బొమ్మ దించగానే బెజ్జానికి లప్పం పెట్టి తెల్లరంగు వేస్తారట. నాకు ఆ అలంకారం అబ్బలేదు. పాత బెజ్జం పక్కనే కొత్త మేకు మొన ఆనుతుంది. సుత్తి లేచి, ఒక్క క్షణం ఆగుతుంది.

ఎవరో కొత్త పిల్ల.