పొనికి చిలుక ఆత్మకథ

నేను నిర్మల్ పట్టణమున కొయ్యబొమ్మలు చేయు ఒక నకాషీవారి యింట జన్మించిన చిలుకను. లేడిబొమ్మకై పొనికికర్రను కోయగా మిగిలి, రంపపు పొట్టుతో కూడ చీపురుపాలై పొయ్యిలోనికి పోవలసిన బెత్తెడు తునుకయే నా పూర్వరూపము. ఊడ్చుచున్న మనుమరాలి చేయి పట్టుకొని, "పారెయ్యకు బిడ్డా, గీ ముక్కల చిలుక కూసున్నది" అని యా యింటి అవ్వ పలికెను.

మా పొనికి ఆదిలాబాదు ప్రాంతపు రాతిగుట్టలమీది అడవులలో పెరుగును. టేకువలె దూలమునకుగాని ద్వారబంధమునకుగాని అక్కరకు రాని యీ తేలికకర్ర, మెత్తనిదగుటచేతనే కత్తిమొనకు లొంగి, ముక్కు వంపును కనురెప్ప యంచును సయితము చక్కగా పట్టుకొనును.

అవ్వ ముందుగా నన్ను సెగకు కాచి చెమ్మ పోగొట్టెను. మొండెమొక తునుక, రెక్కలు వేరు రెండు తునుకలు; వానిని అతుకుటకు కావలసినది సయితము ఆ యింటి నేలమీదనే దొరకెను. చింతగింజలను నానబెట్టి, నూరి, ఉడికించిన జిగురులో, నన్ను కోసినప్పుడు రాలిన పొట్టునే కలిపి, రెక్క మొదటి సందులో బొటనవ్రేలితో మెత్తి, తడివ్రేలితో ఆమె నునుపు చేయుచుండగా, నానుండి రాలినదే మరల నా దేహమయ్యెను. ఈ పొదుపునకు లేమి యొక కారణమే. అంతకంటె పెద్ద కారణము చెట్టుమీది గౌరవమని నా దృఢవిశ్వాసము. పిదప సుద్దపూత, అది యారిన పిమ్మట ఆకుపచ్చరంగు, ముక్కునకు ఎరుపు, మెడకు నల్లని కంఠరేఖ.

17వ శతాబ్దమున నిర్మల్‌ను ఏలిన నిమ్మనాయుడు చేతిపనివారికి ఇచట ఆశ్రయమిచ్చెనని పెద్దలు చెప్పుదురు. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2016లో నిర్మల్ జిల్లాయు ఏర్పడినది. పేరు పెరిగినదే కాని, ఆ పేరును నిలుపు చెట్టు నానాటికి తరిగిపోవుచున్నది. ఒకప్పుడు దాపునగల గుట్టలలో దొరకిన కర్రకై నేడు దూరపు అడవులకేగవలసివచ్చుచున్నది. మిగులుముక్కలను ఎంత భద్రముగా వాడుకొన్నను, మొద్దే రానినాడు మిగులు ఎక్కడిది? ఆ మనుమరాలు ఇప్పటికే తునుకలను ఏరి, ఇది మిరపకాయ బొమ్మకు, ఇది వంకాయకు, ఇది సీతాఫలమునకు అని వేరుచేయనేర్చినది. నిర్మల్ గుట్టలమీద పొనికిమొక్కలు నాటి, పశువులు మేయకుండ కంచె వేసి, అవి మ్రాకులగువరకు కాచిననాడు గదా ఆమె కత్తికి పని!