సొంత మాటలు గైడులో దొరుకును

మన తెలుగు వాచకాల్లో పాఠం మధ్యలో ఒక చిన్న డబ్బా ఉంటుంది: ‘ఆలోచించండి - చెప్పండి’. ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యాప్రణాళిక పరిధి పత్రం వచ్చాక పుస్తకాలు మార్చిన పెద్దలు ఎంతో ఆశపడి పెట్టిన డబ్బా అది. పిల్లలు బట్టీ మానాలన్నారు, చదివింది అర్థం చేసుకోవాలన్నారు, ఎదురు ప్రశ్నించాలన్నారు. ‘సొంత మాటల్లో రాయండి’ అని ప్రతి పాఠం చివరా వేడుకున్నారు. వాళ్ల ఆశయం గొప్పది. గైడు అచ్చేసేవాడి ఆశయం ఇంకా గొప్పది. పుస్తకం వెనకాలే గైడు దిగింది. పిల్లవాడు ఏమి ఆలోచించాలో అందులో అచ్చయి ఉంది. సొంత మాటలు కూడా అచ్చయి ఉన్నాయి, నాలుగు మార్కులకు ఎన్ని కావాలో అన్నే. నంద్యాలలో ఒక తరగతి పేపర్లు, ఆళ్లగడ్డలో ఒక తరగతి పేపర్లు కలిపేస్తే ఏది ఎవరిదో దిద్దే అయ్యవారు కూడా చెప్పలేడు. అందరూ ‘నా అభిప్రాయం ప్రకారం’ అనే మొదలుపెడతారు, అందరి అభిప్రాయమూ ఒక్కటే. రెండిళ్లవాళ్లు ఒక మాట మీద నిలబడడమే వింతయిన సీమలో ఇంత ఏకాభిప్రాయం సాధించినందుకు గైడువాడికి శాంతి బహుమతి ఇవ్వాలి.

పదో తరగతి పరీక్షలో ఇంకో ముచ్చట. పేరా ఇచ్చి, దాని మీద మీరే ప్రశ్నలు తయారుచేయండి అంటారు. ఆలోచన బంగారం. అమెరికాలో పాలిన్‌క్సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు, చదివింది బుర్రకెక్కని పిల్లల చేత వంతులవారీగా ప్రశ్నలు అడిగించి, అవగాహన ఎంత పెరుగుతుందో 1984లోనే చూపించారు. మనవాళ్లు దానికి విరుగుడు కనిపెట్టారు. వాక్యంలో ఊరి పేరుంటే కొట్టేసి ‘ఎక్కడ?’ పెట్టు. మనిషి పేరుంటే ‘ఎవరు?’ ఏడాది ఉంటే ‘ఎప్పుడు?’ అయిపోయింది. ‘బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి’ అని ఉంటే, ‘బెలుం గుహలు ఎక్కడ ఉన్నాయి?’ అని రాసి మార్కులు తీసుకో. ‘మూడు కిలోమీటర్లకు పైగా నేల కింద దారి తొలిచిందెవరు?’ అని ఎవడైనా రాశాడనుకోండి, చచ్చాడే. సున్నపురాయిని నీళ్లు తొలిచాయన్న సంగతి పేరాలో లేదు. పేరాలో జవాబు లేని ప్రశ్న తప్పు ప్రశ్న.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సంగతే చూడండి. ఆళ్లగడ్డ నియోజకవర్గంలోని ఊరి మనిషి. 1846లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయనకు కంపెనీ ఇచ్చిన తవర్జీ, అంటే భరణం, నెలకు పదకొండు రూపాయల చిల్లర. బిట్‌బ్యాంకు అడిగేది ఇదే: తేదీ ఎంత, ఊరేది, తవర్జీ ఎంత. రూపాయలు చెబితే చాలదు, అణాలూ కావాలి. పోటీ పరీక్షల లోకంలో తిరుగుబాటును చిల్లరతో సహా లెక్కగడతారు.

బిట్‌బ్యాంకు అడగనివి కొన్ని ఉన్నాయి. పాళెగాళ్ల పెత్తనం లాక్కున్న కంపెనీ మళ్లీ వాళ్లకే భరణం ఎందుకు కట్టింది? గొడవ ఆయన తవర్జీ దగ్గరే మొదలైతే, ఏ తవర్జీ లేని జనం ఆయన వెంట ఎందుకు నడిచారు? కంపెనీ కాగితాల్లో ఆయన దోపిడీదారు, రేనాటి జానపదుల నోట వీరుడు, 2019 నాటి సినిమాలో చిరంజీవి. ముగ్గురిలో ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి? ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఏం ఆశించి చెప్పారు? ఈ మూడింటినీ తొమ్మిదో తరగతి బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక్క పీరియడు గడిపితే, పిల్లలు చదవడం నేర్చినట్టే. కాకపోతే దానికి కీ ఉండదు, కీ లేనిదానికి మార్కులుండవు, మార్కులు లేనిది సిలబస్సే కాదు.

ఇక తరగతిలో అడిగే ప్రశ్న. మన బళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ‘అర్థమైందా?’ దానికి ఒకటే జవాబు, రాగయుక్తంగా: ‘అయ్యింది సా...ర్!’ అర్థమయ్యేది గంట మోగే టైమవుతోందన్న సంగతి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతుల్లో రికార్డయిన మాటలు విని 1970ల్లో తేల్చిందేమిటంటే, ప్రశ్న వేశాక టీచరు ఆగేది ఒక సెకను అటూఇటూ. మూడు సెకన్లు ఆగి చూస్తే జవాబులు పొడుగయ్యాయి, నోరు తెరవనివాళ్లు తెరిచారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. మూడంటే మూడు సెకన్లు. ఖర్చు లేదు, టెండరు లేదు, అందుకే ఏ ప్రభుత్వానికీ నచ్చలేదు. అయ్యవార్లను తిట్టి లాభం లేదు. 2024 దాకా ఆ మూడు సెకన్లలో మరుగుదొడ్డి ఫోటో యాప్‌లోకి ఎక్కించాల్సి వచ్చేది, సర్వర్ కూడా వాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పేది కాదు.

ఈ పిల్లలే డిగ్రీ పట్టా పట్టుకుని నంద్యాల చేరతారు. బ్యాంకు కోచింగ్‌లో నంద్యాలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహానంది క్షేత్రానికి ఉన్నంత పేరు. హాస్టలుకీ మెస్సుకీ కట్టి, ఫీజు కట్టి, అక్కడ నేర్చుకునేవాటిలో ఒకటి ‘రీడింగ్ కాంప్రహెన్షన్’. అంటే ఒక పేరా చదివి అర్థం చేసుకోవడం. ఐదో తరగతిలో ఉచితంగా రావాల్సిన విద్య ఇరవై దాటాక వాయిదాల మీద వస్తుంది. అక్కడా చిట్కా ఏమిటంటే, ముందు పేరా జోలికి పోకు, ప్రశ్న చూసి జవాబు ఏ లైనులో దాక్కుందో వెతుక్కో. గడియారం తరుముతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు, చదవకుండా చదవడమే నేర్పాలి.

బయటివాడు అడిగితే మనకు ఒళ్లు మండుతుంది. 2009 విడత పీసా అనే అంతర్జాతీయ పరీక్షకు దేశం తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు కూర్చున్నారు. డెబ్బైకి పైగా దేశాలూ ప్రాంతాలూ రాస్తే మనకన్నా కింద కిర్గిజ్‌స్థాన్ ఒక్కటే మిగిలింది. ప్రశ్నలే మన పిల్లల బతుకులకు సరిపడవని తేల్చేసి, తర్వాత విడతలకు మొహం చాటేశాం. మన ఆంధ్రప్రదేశూ తక్కువేం కాదు. వెయ్యి సర్కారు బడుల్ని ఒక ప్రభుత్వం సీబీఎస్ఈలో చేర్చింది, పిల్లలు తట్టుకోలేకపోతున్నారని 2024లో ఇంకో ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. చేర్చినప్పుడూ తెచ్చినప్పుడూ పిల్లల మేలు కోసమే. మధ్యలో ప్రశ్నకు తట్టుకోవడం నేర్పుదామని మాత్రం ఎవరికీ తట్టలేదు. 2022 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతం. అది పైకి చదవగలగడం లెక్క. అర్థమైందా అని అడిగితే ఎలాగూ ‘అయ్యింది సార్’ అంటారు.

ఆళ్లగడ్డ శిల్పిని చూసైనా సిగ్గు తెచ్చుకోవచ్చు. ఉలి పెట్టేముందు రాతిని తట్టి చెవి ఒగ్గుతాడు. మోత మొద్దుగా వస్తే లోపల పగులుందని పక్కన పెడతాడు. మన మూల్యాంకనం రాతిని తట్టదు. రాయి మీద ‘ఇది మంచి రాయి’ అని గుండ్రటి చేతిరాతలో రాసి ఉందా లేదా చూసి టిక్కు పెడుతుంది.

నంద్యాల జిల్లాలో ప్రశ్నలకు కరువా? 1977లో ఉమ్మడి రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, నంద్యాల ఒక్కటే జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిని గెలిపించింది. 1991 ఉప ఎన్నికలో అదే నంద్యాల పి.వి.నరసింహారావుకు 5 లక్షల 80 వేల మెజారిటీ ఇచ్చింది. బిట్‌బ్యాంకుకు కావాల్సింది నంద్యాల నుంచి గెలిచి రాష్ట్రపతి అయినది ఎవరన్న ముక్క. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీయే పెట్టని ఎన్నికలో అంత మెజారిటీ జనాభిమానాన్ని కొలుస్తుందా, గట్టి ఎదుటివాడు లేకపోవడాన్ని కొలుస్తుందా అని ఎనిమిదో తరగతిలో అడిగి చూడండి. పిల్లలకన్నా ముందు పెద్దలు కొట్టుకుంటారు.

ఏ బడి అని అడక్కండి, ఏ బడైనా ఒకటే. యాగంటికి విహారయాత్ర పోతారు. ఈ బసవన్న ఏటేటా పెరుగుతున్నాడు అని అయ్యవారు చెబుతాడు. వెనక నుంచి ఒకడు చెయ్యెత్తుతాడు: ‘సార్, ఎవరు కొలిచినారు సార్? ముందెంత ఉండె?’

‘రేయ్, దేవుని కాడ ఏం మాటలురా అవి? లైన్లో నిలబడు, ఫోటో ఎక్కించాల.’