ఇల్లు సర్దడం అయ్యాకే నవల: రాసే అమ్మలకు ఆరు చిట్కాలు

మేడ్చల్, శామీర్‌పేట వైపు కొత్త ఫ్లాట్లలో దిగిన అమ్మల్లో చాలామంది దగ్గర ఓ నవల సగంలో ఆగి ఉంటుంది. దాన్ని అక్కడే భద్రంగా ఆపి ఉంచడానికి ఈ చిట్కాలు పాటించండి.

1. ముందు ఇల్లు సర్దండి. ఇల్లలకగానే పండగ కాదన్నారు కదా, అందుకని అలకడం ఆపకండి. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే...’ కథలో ఓ ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథ చదివి అందరూ బెంబేలెత్తుతారు గానీ, ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో ఒక్కరూ చూడరు. పేరు మర్చిపోతే మీకే లాభం. కలంపేరు పెట్టుకోవడం సులువు.

2. ఏదీ పారేయకండి. బిర్యానీ పార్సిల్ డబ్బాలు, హార్లిక్స్ సీసాలు, పిల్లలకు పొట్టయిన యూనిఫాంలు అన్నీ సజ్జ మీదకు ఎక్కించండి. రాయబుద్ధి పుట్టినప్పుడల్లా కిందికి దింపి, ఏ డబ్బాకు ఏ మూతో చూడండి. ఏదీ సరిపోదు. ఈలోగా మీ కథానాయిక మేడ్చల్ స్టేషన్‌లో సికింద్రాబాద్ బండి కోసం నిలబడే ఉంటుంది. ఎంఎంటీఎస్ 2023లోనే అక్కడిదాకా వచ్చింది, మీరే ఆమెను ఎక్కించలేదు.

3. పిల్లలు పడుకున్నాకే కలం పట్టండి. సరిగ్గా అప్పుడే మీ వాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, “అమ్మా, రేపు మేడం సౌరకుటుంబం మోడల్ తెమ్మన్నది” అంటాడు. దుకాణాలన్నీ మూసి ఉంటాయి. కంగారు పడకండి. థర్మాకోల్ బంతి లేకపోతే మీ రెండో అధ్యాయాన్ని ఉండ చుట్టి గురుగ్రహం చేయండి. శని చుట్టూ వలయానికి మూడో అధ్యాయం కత్తిరించండి. కాగితానికి ఒకవైపే రాసే అలవాటుంటే రెండోవైపు రంగు బాగా పడుతుంది. వాడికి ‘వెరీ గుడ్’ వస్తుంది. మీ రాతకు వచ్చిన మొదటి సమీక్ష అదే.

4. ప్రశాంతత కోసం శామీర్‌పేట చెరువుకు వెళ్లండి. ఒంటరిగా వెళ్తే నిజంగానే రాసేస్తారు, జాగ్రత్త! పిల్లల్ని, అత్తమ్మను, చాపను, పులిహోర గిన్నెను వెంట తీసుకెళ్లండి. రాజీవ్ రహదారి మీద లారీల హారన్లు, హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానాల చప్పుడు మిగతా పని చూసుకుంటాయి. నోట్‌బుక్ కూడా మర్చిపోకండి. పులిహోర పెట్టుకోవడానికి అట్ట బాగుంటుంది.

5. పాతతరం రచయిత్రుల జోలికి పోకండి. యద్దనపూడి సులోచనారాణి కాలంలో, అంటే 1960, 70లలో, పత్రికల నిండా ఆడవాళ్ల సీరియళ్లే. తర్వాతి భాగం కోసం పాఠకులు ఎదురుచూసేవాళ్లు. ఇల్లు సర్దాక పంపిస్తానంటే సంపాదకులు ఊరుకుంటారా? గడువంటూ ఉంటే రాయక తప్పదు కనుక ఏ పత్రికకూ మాట ఇవ్వకండి. అబ్బూరి ఛాయాదేవిని అసలే ముట్టుకోకండి. ఇంటి గోడల మధ్య జరిగే చిన్న చిన్న సంగతులనే ఆమె కథలు చేశారు. ఆమె కథల సంపుటి ‘తన మార్గం’కు 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ చిందరవందరలోనే కథ ఉందని ఒకసారి తెలిసిందంటే, ఇక మీకు సర్దబుద్ధి కాదు. అంట్లు సింకులోనే ఉండగా, అన్నం ఉడికేలోపు ఓ పేజీ రాసేస్తారు. అలా మొదలైతే నవల పూర్తయ్యే ప్రమాదం ఉంది.

6. మీరు నాన్న అయితే పై ఐదూ మీకు వర్తించవు. గది తలుపు వేసుకుని రాసుకోండి. చాయ్ దానంతటదే వస్తుంది, పిల్లలు వాళ్లంతట వాళ్లే పెద్దవాళ్లవుతారు. పుస్తకం అచ్చయ్యాక కృతజ్ఞతల పేజీలో అన్నిటికన్నా కింద, ముద్రాపకుడి తర్వాత, మీ ఆవిడ పేరు వేయండి. అక్షర దోషాలు లేకుండా దిద్దించండి. ఆ పని కూడా ఆవిడే చేసిపెడుతుంది.