ఒక వాక్యం రాయండి

జ్ఞాపకశక్తి మీద పరిశోధనకు మతిమరుపు ఉన్నవాళ్ళు దొరికినంత తేలిగ్గా లేనివాళ్ళు దొరకరు. పోల్చి చూడ్డానికి వాళ్ళూ కావాలి మరి. "నాకేమైందని రావాలి?" అంటారు. ఆసుపత్రి మెట్లెక్కితే లేని రోగం అంటగడతామని భయం. అందుకే ఒకాయన తనే ఫోన్ చేసి, "మా నాయినను తీసుకొస్త మేడం, పేరు రాసుకోండ్రి" అంటే నాకు పండగే అయింది.

నల్లగొండ నుంచి కారులో తెచ్చాడు. వంగి తండ్రి చెప్పులు విప్పాడు. నీళ్ళ సీసా మూత తీసి అందించాడు. మా ఆయా ముక్కున వేలేసుకుంది.

పెద్దాయనకు 78. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని బతుకంతా దస్తావేజులు రాశాడట. పాతవి చదవడానికి ఉర్దూ కూడా నేర్చాడు. ఆ మాట నేను ప్రత్యేకంగా రాసుకున్నాను. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో చెప్పిన సంగతి ఇదే: ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా, ఒకటికి మించి వచ్చినవాళ్ళలో జబ్బు దాదాపు 4.5 ఏళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది.

అంగీకార పత్రం ఇస్తే అందరూ సంతకం ఎక్కడని అడుగుతారు. ఈయన చదివాడు, ఒక్కో వరుస కింద గోరు పెట్టి. వివరాలు బయటివాళ్ళకు ఇవ్వబోమన్న చోట ఒకసారి కొడుకు వైపు చూశాడు. "ఈడ తేదీకి జాగ లేదు బిడ్డా" అని తనే గీత గీసి తేదీ వేశాడు.

ముందు కొడుకును పక్క గదిలో కూర్చోబెట్టాను. ఇంటివాళ్ళను అడిగే ప్రశ్నలు 16. వస్తువు పెట్టిన చోటు, డబ్బు లెక్క, నాలుగు రోజుల కిందటి మాట, ఇవన్నీ పదేళ్ళ కిందటితో పోలిస్తే ఎలా గుర్తుంటున్నాయి? మార్పు లేకపోతే 3, బాగా దిగజారితే 5. అతను అన్నిటికీ 5 చెప్పాడు, కొన్నిటికి నేను ప్రశ్న ముగించకముందే. ఎప్పటినుంచని అడిగితే, "పోయిన ఆషాఢం నుంచి" అన్నాడు.

ఈ జబ్బు అలా నెల చెప్పి రాదు. ఏ ఇంట్లోనైనా ఏడాది చెప్పడానికే తర్జనభర్జన పడతారు. ఉన్నట్టుండి మొదలైతే పక్షవాతం లాంటిదేమైనా వచ్చిందేమో చూడాలి. అదీ అడిగాను. రాలేదట.

"ఆషాఢమే మేడం, అట్లనే రాయుండ్రి. డాక్టరు సంతకం, ముద్ర ఉంటయి గద?"

పరిశోధన కాగితాలు ఎవరికీ ఇవ్వమన్నాను. అతని మొహం మాడిపోయింది.

తర్వాత పెద్దాయన వంతు. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన 30 మార్కుల పరీక్ష. తేదీ, వారం అడిగితే తిథి కూడా కలిపి చెప్పాడు. వందలోంచి ఏడేడు తీసేయమంటే 93, 86, 79, 72, 65... నేను చాలనే దాకా ఆగలేదు. కాగితం కుడిచేత్తో తీసుకుని, సగానికి మడిచి, నేల మీద పెట్టమన్నాను. నిలువుగా మడిచి, మార్జిన్ తీసే అలవాటు కాబోలు, మడతను గోటితో రుద్దాడు. నేల మీద మాత్రం పెట్టలేదు. "సరస్వతి గదా బిడ్డా, కింద పెడ్తరా?" అని బల్ల మీద పెట్టాడు. రూలు ప్రకారం ఒక మార్కు కోశాను, మనసొప్పకుండానే.

"ఇప్పుడు మీకు తోచిన వాక్యం ఒకటి పూర్తిగా రాయండి."

ఏం రాయాలో మేం చెప్పకూడదు. చాలామంది ఎండ గురించో మనవల గురించో రాస్తారు.

"ఏదైనా రాయొచ్చునా?"

"ఏదైనా."

"ఈ కాగితం మీ దగ్గరనే ఉంటదా? ఎవలడిగినా ఇయ్యరా?"

"ఇవ్వం. కోర్టు అడిగితే తప్ప."

"గంతే చాలు."

పెన్ను మూత తీశాడు. చెయ్యి వణకలేదు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు:

"పోయిన శ్రావణమాసంలో నా స్వార్జితమైన ఇంటిని నా కూతురి పేర గిఫ్టు డీడు రాసి రిజిస్టరు చేయించిన నాడు నేను పూర్తి స్పృహలో ఉండి, నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా చేసితిని."

కింద సంతకం, తేదీ, 'స్వదస్తూరీ' అని ఒక ముక్క. ఫారం అడుగున రెండు గడులున్నాయి, ఒకటి పరీక్ష చేసినవాళ్ళకు, రెండోది వెంట వచ్చినవాళ్ళకు. వాటి మీద గోరు పెట్టి నావైపు జరిపాడు.

"గిఫ్టుకు ఇద్దరు సాక్షులుండాలె బిడ్డా. ఒకరు నువ్వు. రెండో సంతకానికి మావోణ్ణి పిలువు."