రోబో కదలకపోయినా కప్పు తెచ్చే ఉపాయాలు

ములకలపల్లి మండలంలోని గైడ్ టీచర్లకు శుభవార్త. పిల్లలకు రోబోటిక్స్ నేర్పాలంటే నెలలు పడుతుంది. రోబో పోటీనే తేలిక చేయించాలంటే ఒక్క వినతిపత్రం చాలు. కింది చిట్కాలు వరుస తప్పకుండా పాటించండి.

1. కిట్టు పెట్టె విప్పకండి. బీరువాలో పెట్టి, తాళంచెవి మీ బండి గుత్తికి తగిలించుకోండి. మీరు సెలవు పెడితే అదీ సెలవు పెడుతుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు కేంద్రం 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. అంత ఖరీదైన సరుకును పిల్లల చేతికిస్తారా ఎవరైనా? తనిఖీకి వచ్చినవాళ్లకు సీలు చెదరని పెట్టె చూపిస్తే స్టాకు లెక్క కూడా అడగరు.

2. విప్పక తప్పకపోతే పోటీకి ముందురోజు సాయంత్రం విప్పండి. మోటార్లకు 9 వోల్టుల చదరపు బ్యాటరీ తగిలించండి. అంకె పెద్దదే గానీ మోటార్లు లాగే కరెంటు దానివల్ల కాదు. చక్రం బెత్తెడు తిరిగి ఆగుతుంది, ఆర్డుయినో ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. "సార్, రెండు లిథియం సెల్లులు వరసగా కలిపితే?" అని ఏడో తరగతి పిల్ల అడుగుతుంది. "సార్ నువ్వా, నేనా?" అని కూర్చోబెట్టండి. ఆగిపోయిన బండే మన వినతిపత్రానికి మొదటి సాక్ష్యం.

3. లైన్ ఫాలోవర్ సెన్సర్లను ఎండపడే వరండాలో సరిచేసి, ట్యూబ్‌లైట్ల హాల్లో పరుగెత్తించండి. నల్లగీత, తెల్లనేల తేడా దానికి తెలియదిక. సెన్సర్ మీదున్న చిన్న స్క్రూ అక్కడికక్కడ తిప్పితే దారికొస్తుంది. అందుకే స్క్రూడ్రైవర్ బడిలోనే మరిచిపోవాలి.

4. వినతిపత్రమే అసలు పని, దీనికి మాత్రం బద్ధకించొద్దు. "ఏజెన్సీ ప్రాంతం" అన్నమాట ప్రతి పేరాలో పడాలి. గీత వెడల్పు చేయమనండి, మలుపులు తీసేయమనండి, ఆగిపోయిన రోబోకూ సగం మార్కులు వేయమనండి. కానీ ప్రాక్టీసుకు ఇంకో కిట్టు, వారానికో శిక్షకుడు, కొత్తగూడెం దాకా బస్సు చార్జీలు, జడ్జీలకు కోయలో జవాబు చెప్పుకునే వీలు మాత్రం పొరపాటున కూడా అడగకండి. ఇచ్చినా ఇచ్చేస్తారు! ఆ తర్వాత ఆదివారాలు బడికి రావాల్సింది మీరే.

ఫస్ట్ లెగో లీగ్ అనే రోబో పోటీ పద్ధతి చూపించి ఎవరైనా మభ్యపెడితే లొంగకండి. అక్కడ రెండున్నర నిమిషాల ఆటలో దారితప్పిన రోబోను చేత్తో పట్టి తెచ్చుకోవచ్చు. ముందే ఇచ్చిన టోకెన్లలో ఒకటి పోతుంది గానీ ఆట పోదు. కష్టమైన పని వదిలేసి తేలికైనది ముందు చేసుకోవచ్చు. ఓనమాలు దిద్దేవాళ్లకు కూడా పది పాయింట్లు రాలతాయి. రాలితే ప్రమాదం: వచ్చే ఏడు ఇరవై తెస్తామని పిల్లలు బీరువా చుట్టూ తిరుగుతారు.

5. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లో పోటీ రోజునే ఒక కొత్త నియమం బయటపెడతారు. పిల్లలు అప్పటికప్పుడు ప్రోగ్రామ్ మార్చుకోవాలి. యూట్యూబ్ నుంచి దించుకున్న కోడ్‌కు ఇంతకంటే శత్రువు లేదు. గ్రామీణ విద్యార్థులకు అన్యాయం అంటూ గట్టిగా ఖండించండి.

6. జడ్జీ ఏమడిగినా "సార్ చెప్పారు" అనమని బట్టీ పట్టించండి.

7. పంపాల్సింది వీడియో అయితే నైలాన్ దారం కొనండి. తెల్లదే కొనండి, నల్లది చార్టు మీద కనబడుతుంది. లాగే పిల్లవాడు బెంచీ కింద ఉండాలి.

8. అందరికీ మొదటి బహుమతే ఇవ్వమని కోరండి. వచ్చాక హెచ్చెమ్ గారిని మధ్యలో నిలబెట్టి ఫొటో దిగండి. రోబో మాత్రం పిల్లల చేతుల్లోనే ఉండాలి. కింద పెడితే, ఏదీ నడిపించమని అడిగేవాడు ఒకడు తగులుతాడు.