కూతుర్ని గర్ల్ స్కౌట్స్‌లో చేర్చి కాలేజీ సీటు కొట్టడం ఎలా?

అమెరికాలో ఆడపిల్లని పెంచుతున్న తెలుగువాళ్ళు మొట్టమొదట ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. గర్ల్ స్కౌట్స్ అంటే మన ఎన్‌సీసీ సర్టిఫికెట్టే. ఇండియాలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి ఎన్‌సీసీ కోటా ఉంది, రైల్వే ఉద్యోగాలకి స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. కాగితం చూపించాం, పని అయిపోయింది. ఈ దేశంలో అలాంటి కోటా ఏదీ లేదనీ, అడ్మిషన్ ఆఫీసువాళ్ళు దరఖాస్తు మొదటినుంచి చివరిదాకా చదివి ఈ పిల్ల మా క్యాంపస్‌కొస్తే ఏం చేస్తుందా అని ఆలోచిస్తారనీ ఎవరైనా చెబితే తలూపి ఊరుకోండి. ఏదో ఒక కౌంటర్ వెనకాల ఎవరో ఒక గుమస్తా మన కాగితం కోసం కూచునే ఉంటాడు.

ఎప్పుడు చేర్చాలన్నది రెండో ప్రశ్న. కిండర్‌గార్టెన్‌లో డెయిజీ, రెండో తరగతిలో బ్రౌనీ, నాలుగులో జూనియర్, ఆరులో కాడెట్, తొమ్మిదిలో సీనియర్, పదకొండులో అంబాసిడర్. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్ళేటప్పుడు పిల్లల చేత చిన్న వంతెన దాటిస్తారు, ఫొటోలు బాగా వస్తాయి. మొత్తం పదమూడేళ్ళ వ్యవహారం. ఇప్పుడు కాలేజీలకి దరఖాస్తు పెట్టే కామన్ యాప్ తెరిచి చూడండి. ఏ పని ఏ తరగతుల్లో చేశావని అడిగే చోట తొమ్మిది నుంచే గళ్ళున్నాయి. అంటే ముందరి తొమ్మిదేళ్ళూ గంగలో పోసినట్టే. ఆ కాలాన్ని కూమాన్ ట్యూషన్‌కీ, స్పెల్లింగ్ బీకీ కేటాయించి, పదకొండో తరగతి సెప్టెంబరులో తీసుకెళ్ళి ట్రూప్ అనే వాళ్ళ జట్టులో కూచోబెట్టండి.

మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి చాలామంది మానేస్తారు కాబట్టి అప్పటికి అక్కడ మిగిలేది నలుగురో ఐదుగురో. ఆరేళ్ళ వయసు నుంచి ఒకే గుడారంలో పడుకున్నవాళ్ళు. ఎవరికి చీకటంటే భయమో, ఎవరికి వేరుశనగ పడదో, ఎవరి అమ్మానాన్నలు విడిపోయిన ఏడాది ఎవరు ఎవరింట్లో ఉన్నారో వాళ్ళకి తెలుసు. మీ అమ్మాయి వెళ్ళి వాళ్ళ మధ్య కూచుని వెంటనే లీడర్‌షిప్ మొదలుపెట్టాలి.

ఈ సంస్థని 1912 మార్చి 12న జార్జియా రాష్ట్రంలోని సవానాలో జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 18 మంది ఆడపిల్లలతో ప్రారంభించింది. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు రావడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది. అలాంటి రోజుల్లో పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్ళి, వాళ్ళ పనులు వాళ్ళని చేసుకోనిస్తే ఏదో అవుతుందనుకుంది పాపం. రెజ్యూమె అంటే ఏమిటో ఆవిడకి చెప్పేవాళ్ళు లేరు.

ఇక కుకీలు. ఇది పూర్తిగా నాన్నల శాఖ. 1917లో ఓక్లహోమాలోని మస్కోగీలో ఒక ట్రూప్ పిల్లలు తామే కుకీలు చేసి హైస్కూల్ క్యాంటీన్‌లో అమ్మారు. ఇప్పుడంత కష్టం లేదు. జనవరి రాగానే ఆర్డర్ లింకు ఆఫీసు గ్రూపులోనూ, అపార్ట్‌మెంటు గ్రూపులోనూ, గుడి గ్రూపులోనూ, బీటెక్ బ్యాచ్ గ్రూపులోనూ పడేయండి. బీటెక్ బ్యాచ్‌లో సగం మంది బెంగళూరులో ఉంటారు, అయినా పడేయండి. సమోవాస్ అనే కుకీల్ని సమోసాలనుకుని ఆర్డరిచ్చిన బాబాయిలకి మాత్రం డబ్బు వాపసివ్వకండి.

నా మాట వినకుండా చిన్నప్పుడే చేర్చేసి, పొరపాటున పిల్లే స్వయంగా సూపర్‌మార్కెట్ ముందు బల్ల వేసుకుని నిలబడాల్సి వస్తే, మీరు సరిగ్గా దాని వెనకాలే నిలబడండి. ఫిబ్రవరి శనివారం. గాలికి బల్లమీది గుడ్డ ఎగరకుండా దానిమీద థిన్ మింట్స్ కుకీల డబ్బాలు బరువుగా పెట్టి ఉంటాయి. ఒక పెద్దాయన బండి తోసుకుంటూ వచ్చి మూడు డబ్బాలు తీసుకుని ఇరవై డాలర్ల నోటు ఇస్తాడు. డబ్బా ఆరు. ఎనిమిదేళ్ళ పిల్ల పైకి చూస్తూ పెదాలు కదుపుతుంది. ఆరు, పన్నెండు, పద్ధెనిమిది. పెద్దాయనకి తొందరేం లేదు, నవ్వుతూ నిలబడతాడు. ఉండబట్టలేంది మీకే. "టూ డాలర్స్ బ్యాక్!" అని వెనకనుంచి కేకేయండి. పిల్ల చెయ్యి క్యాష్ డబ్బాలో అలాగే ఆగిపోతుంది. తర్వాత ఇంకొకావిడ వచ్చి నాకు షుగరుంది, తినను అంటుంది. పక్కనున్న పిల్లయితే తడుముకోకుండా, "మీ పేరున ఒక డబ్బా విరాళం ఇవ్వచ్చండీ" అంటుంది. ఎందుకంటే దాని వెనకాల ఎవరూ నిలబడలేదు. మీ అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి మీ మొహం చూస్తుంది.

వచ్చిన లాభం పిల్ల చేతికి రాదు, అందులో ట్రూప్ వాటా ట్రూప్ ఖాతాలో పడుతుంది. దాంతో క్యాంపుకి వెళ్ళాలా, ఊళ్ళో జంతువుల ఆశ్రయానికి దుప్పట్లు కొనాలా అని పిల్లలే కూచుని కొట్లాడుకుని ఓట్లేసుకుంటారు. మూడో తరగతి పిల్లలు గంటసేపు బడ్జెట్ మీద వాదించుకోవడం చూస్తూ ఊరుకోవడం ఎవరితరం? మీరో ఎక్సెల్ షీటు చేసి లీడర్‌కి పంపండి.

బ్యాడ్జీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దుకాణంలో దొరుకుతాయి. కొనండి, ఇస్త్రీపెట్టెతో అంటించండి, రెండో ఉతుకులో ఊడిపోతే మళ్ళీ కొనండి. ఏది దేనికొచ్చిందని పిల్లని ఎవరైనా అడిగితే మాట మార్చమని నేర్పండి.

అసలు విషయం గోల్డ్ అవార్డ్. ఈ పేరుతో 1980 నుంచి ఇస్తున్నారు. జూనియర్లకి బ్రాంజ్, కాడెట్లకి సిల్వర్, హైస్కూల్ పిల్లలకి గోల్డ్. బ్రాంజ్‌కి సుమారు 20 గంటలు, సిల్వర్‌కి 50, గోల్డ్‌కి 80 పడుతుందని వాళ్ళ అంచనా. మనిళ్ళలో కంచూ వెండీ ఎవరిక్కావాలి, నేరుగా బంగారానికే వెళ్ళండి. గోల్డ్‌కి ముందు జర్నీలనే కార్యక్రమాలు రెండు పూర్తిచెయ్యాలి, సిల్వర్ ఉన్న పిల్లకి ఒకటి చాలు. మన పిల్ల రెండూ ఒక్క క్రిస్మస్ సెలవుల్లో ముగిస్తుంది లెండి.

ప్రాజెక్టు ఏమిటన్నది పిల్లని అడగొద్దు. అడిగితే ఏదో చిన్న విషయం చెబుతుంది. ఉదాహరణకి, మన అపార్ట్‌మెంట్లలో విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ పగలంతా ఒంటరిగా ఉంటున్నారనీ, ఎవరికైనా కళ్ళు తిరిగితే 911కి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియదనీ, తెలుగు మాట్లాడే దుబాసీని అడగొచ్చన్న సంగతి కూడా తెలియదనీ, మాత్రల సీసా మీద రాసింది చదవలేక రంగు చూసి మింగుతున్నారనీ, వాళ్ళకి శనివారాలు క్లబ్‌హౌస్‌లో నేర్పిస్తాననీ అంటుంది. పైగా నేర్పడానికి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇద్దర్ని తయారుచేస్తానంటుంది, తను వెళ్ళిపోయాక నడపడానికి. ఇందులో రిబ్బన్ కత్తిరించే ఘట్టం ఎక్కడుందో చెప్పండి?

మీరు మాత్రం తాతగారి ఊళ్ళో లైబ్రరీ పెట్టించండి. స్కూల్లో ఒక బీరువా, అందులో డాలస్ గరాజ్ సేల్‌లో కొన్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు, గోడకి తాతగారి ఫొటో, సర్పంచిగారి చేత కొబ్బరికాయ. బీరువా తాళం హెడ్మాస్టరు దగ్గర, హెడ్మాస్టరు బదిలీ మీద పక్క మండలంలో. పని మొదలుపెట్టకముందే ప్రతిపాదన పంపి గర్ల్ స్కౌట్స్ స్థానిక కౌన్సిల్ ఆమోదం తీసుకోవాలన్న నియమం ఉంది కానీ, టికెట్ల రేట్లు పెరిగిపోతున్నాయి కాబట్టి ముందు వెళ్ళిరండి. ఎనభై గంటల గురించి బెంగ వద్దు, రానూపోనూ విమానంలో కూచున్నదే రెండు రోజులు.

తర్వాత కౌన్సిల్ కమిటీవాళ్ళు పిల్లని పిలిచి కూచోబెట్టి, ఆ ఊళ్ళో పిల్లలు చదవకపోవడానికి మూలకారణం ఏమిటి, ఎంతమందికి ఉపయోగపడిందో ఎలా కొలిచావు, నువ్వు కాలేజీకి వెళ్ళాక ఇది ఎలా నడుస్తుంది అని అడుగుతారు. కేవలం వస్తువులు పోగుచేసి పంచితే గోల్డ్ కింద రాదని కూడా అంటారు. వాళ్ళకి మన సంప్రదాయం తెలియదు. ప్రాజెక్టు సలహాదారుగా తల్లిదండ్రులు ఉండకూడదన్న నిబంధనకి మాత్రం మన దగ్గర చక్కటి విరుగుడుంది. మేనమామని పెట్టండి, ఇంటిపేరు వేరు.

ట్రూప్ లీడర్ విషయంలో కాస్త దూరం పాటించాలి. ఆవిడ జీతం లేని మనిషి, సాధారణంగా ఎవరో ఒక పిల్ల తల్లే. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం పిల్లలకి ముడులేయడం నేర్పుతుంది. క్యాంపుకి ఒక కారు తక్కువైంది, వస్తారా అని అడిగితే ప్రొడక్షన్ రిలీజ్ ఉందనండి. పిల్లని పార్కింగ్‌లో దించి, మీటింగు ముగిశాక నలభై నిమిషాలకి వెళ్ళి తెచ్చుకోండి. ప్రతి ఏడాదీ ట్రూప్ మార్చండి, మంచి పేరున్న ట్రూప్ ఎక్కడుంటే అక్కడికి. కామన్ యాప్‌లో టీచర్లూ కౌన్సెలరూ కాక బయటివాళ్ళ చేత కూడా సిఫారసు ఉత్తరం రాయించుకునే వీలుంది, దాన్ని చాలా కాలేజీలు తీసుకుంటాయి. పదేళ్ళు చూసిన లీడర్ అయితే, ఏడేళ్ళప్పుడు వానలో గుడారం కూలి ఏడ్చిన పిల్ల పదిహేడేళ్ళకి అదే వానలో చిన్నపిల్లల గుడారాలకి మేకులు కొట్టడం చూశానని రాస్తుంది. మీరు అక్టోబరు చివర్లో, గడువుకి రెండు రోజుల ముందు, మీరే రాసిన ఉత్తరం పంపి సంతకం పెట్టమనండి.

దరఖాస్తులో పది పనులకి చోటుంది, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాల్లో. కూచిపూడి అరంగేట్రం, కర్ణాటక సంగీతం, రోబోటిక్స్, టెన్నిస్, బంధువు హాస్పిటల్‌లో వాలంటీరింగ్, అన్నీ అయ్యాక పదో గడిలో గర్ల్ స్కౌట్స్ పెట్టండి. 650 మాటల వ్యాసం రాత్రి పదకొండున్నరకి మీరే సరిదిద్దండి. పిల్ల దేని గురించో రాసుకుని ఉంటుంది. క్యాష్ డబ్బాలో నలభై డాలర్లు తగ్గితే ఎవర్నీ అనకుండా అందరూ కలిసి మూడుసార్లు లెక్కపెట్టి, చివరికి డబ్బా అడుగున మడతపడ్డ నోట్లు దొరికాయని. కొట్టేయండి. "చిన్నతనం నుండి సమాజసేవ పట్ల మక్కువ" అని మొదలుపెట్టండి. అలాంటి వాక్యాన్ని ఆ ఆఫీసువాళ్ళు ఆ ఉదయం ఎన్నిసార్లు చదివి ఉంటారో మనకి అనవసరం.

చివరికి స్కాలర్‌షిప్పులు. గోల్డ్ అవార్డ్ వచ్చినవాళ్ళకి జాతీయ సంస్థ కొన్నిస్తుంది, కొన్ని స్థానిక కౌన్సిళ్ళు ఇస్తాయి, కొన్ని కాలేజీలూ ఇస్తాయి. చాలావాటి మొత్తాలు కొన్ని వేల డాలర్లు. పేరున్న ప్రైవేటు కాలేజీల ఖర్చు ఏడాదికి ఎనభై వేలు దాటిపోయింది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన రాయకండి, ఉత్సాహం తగ్గుతుంది. గోల్డ్ అవార్డున్న పిల్ల సైన్యంలో చేరితే మామూలు కన్నా ఒక మెట్టు పైనే మొదలవ్వచ్చన్న సంగతి అమ్మాయి చెవిన అస్సలు పడనివ్వకండి.

అర్హతల గురించిన చిన్న అక్షరాలు చదవకండి. అక్కడ సిటిజనో గ్రీన్‌కార్డో ఉండాలని తరచుగా ఉంటుంది. పదేళ్ళుగా గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ ఇంట్లో హెచ్-4 వీసా మీదున్న పిల్లకి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సహాయం రాదు, అందుకే ఆ షరతు లేని ప్రైవేటు స్కాలర్‌షిప్పులని తొమ్మిదో తరగతి నుంచే వెతికి పెట్టుకోవడం కొందరి అలవాటు. మీకెందుకా చాదస్తం, వ్యాసాలన్నీ రాశాక తెలుసుకోవచ్చు.

స్కాలర్‌షిప్ వస్తే ముందు మిఠాయిలు పంచండి, బిల్లు తర్వాత చూడండి. బయటినుంచి వచ్చిన డబ్బు గురించి కాలేజీకి చెప్పాలి. కొన్ని కాలేజీలు ఆ మేరకి పిల్ల చెయ్యాల్సిన అప్పు తగ్గిస్తాయి, కొన్ని తామిచ్చే గ్రాంటులోంచే కోసేస్తాయి. అప్పుడు మీ జేబుకి మిగిలేది సున్నా. ఏ పద్ధతి పాటిస్తారో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే చెబుతారు. నేను అడుగుతానని అమ్మాయి అంటుంది. ఫోన్ లాక్కోండి. విద్యార్థిని అనుమతి లేకుండా తల్లిదండ్రులతో ఆ వివరాలు మాట్లాడమని వాళ్ళంటే, సూపర్‌వైజర్ని పిలవమనండి.