కిటికీకి ఏడో నెల

మూడు వారాలుగా మా వంటింటి కిటికీకి బయటివైపు ఒక అట్టపెట్టె వేలాడుతోంది. టీవీ వచ్చిన పెట్టె. దాన్ని కోసి, టేపు వేసి, గోడలోంచి సరిగ్గా 16 అంగుళాలు ముందుకొచ్చేలా నేనే బిగించాను. "ముందు ఎలా ఉంటుందో చూద్దాం, డబ్బు సంగతి తర్వాత" అని మా ఆవిడ ఆజ్ఞ. ఈలోగా రెండు వానలు పడ్డాయి. పెట్టెకి పొట్ట జారింది. పక్కింటి పెద్దాయన రోజూ కుక్కని తిప్పుతూ దానికేసి చూస్తాడు గానీ, ఇదేమిటని అడగడు. అడిగినా బాగుండేది.

గార్డెన్ విండో అంటారు దీన్ని. సింకు పైన కిటికీ గోడకి బుద్ధిగా అతుక్కుని ఉండకుండా ఏడో నెల కడుపులా బయటికి పొడుచుకొస్తుంది. పైకప్పు అద్దం, మూడు పక్కలా అద్దం, లోపల మొక్కలకి ఒక అర. కేటలాగులో ఆ అరలో రోజ్‌మేరీ, ఒక పసుపు కెటిల్, ఒక పింగాణీ పిట్ట ఉన్నాయి. ఆ వంటింట్లో పోపు పెట్టిన ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

మాకు రోజ్‌మేరీతో పనిలేదు. మా కరివేపాకు మొక్కకి చలికాలం విడిది కావాలి. న్యూజెర్సీలో అక్టోబరు వచ్చి రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగగానే దాన్ని లోపలికి మోసుకొస్తాం, మే నెలలో మళ్లీ బయటికి. నా నడుము నొప్పికి ఏడాదిలో రెండు పండగలు అవే. లోపలికొచ్చిన మొక్క వెలుతురు చాలక నవంబరులో ఆకు రాల్చడం మొదలెడుతుంది. జనవరికి పుల్ల మిగులుతుంది. ఇద్దరం దాని ముందు నిలబడి ఐసీయూ అద్దంలోంచి చూసినట్టు చూస్తాం. "చిగురేనా అది?" "కాదు, పురుగు."

అసలు ఆ మొక్క మాది కాదు. డాలస్ వెళ్లిపోతున్న ఒక కుటుంబం మాకు అప్పగించి వెళ్లింది. టెక్సాస్‌కి దాన్ని ఊరికే కారులో వేసుకుని పోవడానికి లేదు. కరివేపాకు నిమ్మకీ, నారింజకీ, మారేడుకీ చుట్టం, అందరిదీ ఒకే కుటుంబం. నువ్వుగింజంత పురుగొకటి నారింజ తోటలకి తెగులు మోసుకెళ్తుంది. ఆ తెగులు సోకితే కాయ పండకుండా పచ్చగానే చేదెక్కిపోతుంది. పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది, 2005లో తెగులూ బయటపడింది. ఆ పురుగుకి కరివేపాకు చిగురంటే ప్రాణం. దాంతో నారింజ తోటలున్న రాష్ట్రాల్లో మన పోపు సామాను అనుమానితుల జాబితాలోకి ఎక్కింది.

ఈ విజ్ఞానం నాకు పుస్తకాల్లో రాలేదు, మా అత్తయ్య వల్ల వచ్చింది. 2013లో ఆవిడ మొదటిసారి అమెరికా వచ్చారు. విమానం దిగి సామాను కోసం నిలబడితే, కోటు తొడుక్కున్న చిన్న కుక్క ఒకటి వచ్చి ఆవిడ పక్కన కుదురుగా కూర్చుంది. అది బీగిల్ దళం కుక్క. 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో పుట్టిన దళమట. వాటికి మొరగడం, మీద పడటం ఉండవు. వాసన తగిలితే పక్కన కూర్చోవడమే వాటి నేరారోపణ. అత్తయ్యకి అదేం తెలుసు? "ఎంత మంచి కుక్కో, పాపం ఆకలేస్తున్నట్టుంది" అని చేతిసంచీలోంచి జంతిక తీసి పెట్టబోయారు. కుక్క ముఖం తిప్పుకుంది. దాని శిక్షణ అలాంటిది. జంతిక వాసనకి లొంగని ప్రాణి భూమ్మీద ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

పెట్టె తెరిచారు. కంచిపట్టు చీర మడతల మధ్య తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు, అర కిలోకి తక్కువుండదు. అధికారి చేతికి తొడుగులేసుకుని దాన్ని పాముని ఎత్తినట్టు ఎత్తాడు. ఫారం చూపించాడు. "తినే పదార్థాలేమైనా తెచ్చారా?" అన్న చోట అత్తయ్య "లేదు" అని టిక్కు పెట్టారు. తెలుగు తెలిసిన ప్రయాణికుడెవరో మధ్యవర్తిగా నిలబడి, ఎందుకు అబద్ధం రాశారమ్మా అని అడిగాడు. అత్తయ్య నిజాయితీగా ఆశ్చర్యపోయారట. "అబద్ధం ఏముంది నాయనా? మేం దాన్ని తినం కదా, తీసి పక్కన పడేస్తాం."

ఆ వాదనకి అధికారి దగ్గర జవాబు లేదు. జరిమానా వేయకుండా ఆకు మాత్రం లాక్కుని వదిలేశాడు. అత్తయ్య ఇప్పటికీ ఆ ఆకు వాళ్లు ఇంటికి పట్టుకెళ్లి పచ్చడి చేసుకున్నారనే నమ్ముతున్నారు.

సరే, కిటికీ. కొలతలు తీసుకోవడానికి కంపెనీ మనిషి వచ్చాడు. కొలతలకి పది నిమిషాలు, మా భోజనాల బల్ల దగ్గర కూర్చోవడానికి రెండున్నర గంటలు. ఉష్ణం ఎంత తప్పించుకుపోతుందో చెప్పే యూ-ఫ్యాక్టర్ తక్కువుండాలన్నాడు, రెండు పొరల అద్దం చూపించాడు, దీపం పెట్టి వేడి తగలడం లేదు చూడమన్నాడు. ధర 6,800 డాలర్లన్నాడు. మేం నోరు తెరవకముందే బయటికెళ్లి మేనేజరుతో మాట్లాడొచ్చి 5,400 అన్నాడు. ఈ రోజే సంతకం పెడితే 4,600. ఇదే పని బెజవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్టువాడు చేస్తే "మోసం" అంటాం. ఇతను టై కట్టుకున్నాడు కాబట్టి కాఫీ ఇచ్చాం. ఆఖరికి 30 రోజులు చెల్లే కాగితం ఒకటి రాయించుకుని పంపించాం.

తెనాలిలో మా తమ్ముడికి ఫొటో పంపితే నిమిషంలో ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వంటిల్లు ఆగ్నేయం కదా? ఆగ్నేయం పెరగకూడదు."

"16 అంగుళాలేరా."

"వాస్తుకి అంగుళమైనా ఒకటే. పెంచితే ఈశాన్యం పెంచుకో."

మా ఈశాన్యంలో గరాజ్ ఉంది. 4,600 డాలర్లు పోసి కారుకి ప్రకృతి దృశ్యాలు చూపించేంత ప్రేమ నాకు దాని మీద లేదు.

ఇవేవీ కాదు నన్ను ఆపింది. లెక్కలు వేస్తూ వేస్తూ ఆ టై మనిషి మామూలుగా ఒక ప్రశ్న అడిగాడు. కరెంటు, గ్యాసు ఆదాతో ఖర్చు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో చెప్పడానికట. "ఈ ఇంట్లో ఇంకా ఎన్నాళ్లుంటారు?"

ఇద్దరం ఒక్కసారే అన్నాం, "రెండేళ్లు."

2011లో ఈ ఇల్లు కొన్నప్పుడూ అదే అన్నాం. స్నానాలగది గోడకి పాత యజమానులు అంటించిన బాతుల కాగితం ఇంకా అలాగే ఉంది. పోతాం కదా, ఇప్పుడెందుకు అని. హాల్లో కర్టెన్లూ వాళ్లవే. అటు తెనాలిలో కొన్న ఫ్లాటుకి దోమల జాలీ కూడా పెట్టించలేదు. ఇంకా వెళ్లలేదు కదా, వెళ్లాక చూద్దాం అని. తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది. అమ్మ ఉన్నన్నాళ్లు అప్పుడప్పుడు వెళ్లి తలుపులు తీసి గాలి ఆడనిచ్చి వచ్చేది. ఫోన్‌లో "ఎప్పుడొస్తున్నార్రా" అనేది. రెండేళ్లమ్మా అనేవాణ్ణి. ఆవిడ నమ్మేదో, నాకోసం నమ్మినట్టు ఉండేదో.

ఆ మనిషి మా ఇద్దరి ముఖాలూ చూసి, రాసుకోబోయిన అంకె రాసుకోకుండా కలం మూతపెట్టాడు.

గడువు గురువారంతో అయిపోతుంది. నిన్న సాయంత్రం మా ఆవిడ టేపు పట్టుకొచ్చి, ఎందుకో ఈసారి గోడని కాకుండా మొక్కని కొలిచింది. డాలస్ వాళ్లిచ్చిననాడు అది జానెడు మొక్క. ఇప్పుడు 53 అంగుళాలుంది. కేటలాగులో కిటికీ ఎత్తు 36.